జీపు ఎత్తు, మునెమ్మ మోకాలు

నా ముఖం కంటే నా కాళ్లే తిరుపతిలో ఎక్కువమందికి తెలుసని మా ఆవిడ అంటుంది. అబద్ధమేమీ కాదు. పని చేసినన్నాళ్లూ బండ్ల కింద వెల్లకిలా పడుకునే గడిపాను. షెడ్డుకు వచ్చినవాళ్లు నా కాళ్లతోనే మాట్లాడి, నా కాళ్లకే చెప్పి వెళ్లిపోయేవాళ్లు. మొదట మెకానిక్కుగా, తర్వాత ఒక షోరూములో సర్వీసు చూసేవాడిగా, ఆఖరున రేణిగుంట రోడ్డులో సొంత షెడ్డు పెట్టుకుని కొండాగుట్టా ఎక్కే బండ్ల సస్పెన్షన్ పనే చేశాను. ఇప్పుడు నడుము ఒప్పుకోక మానేశాను. నేను మానేసినా ఫోన్లు మానలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "సార్, ఈ మోడలుకు ఎన్ని అంగుళాలు లేపొచ్చు?"

నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు?" అంటాను. ముసలాయనకు మతి తప్పిందనుకుని ఫోను పెట్టేస్తారు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. చదివాక కూడా మతి తప్పిందనిపిస్తే అప్పుడు పెట్టేయండి.

లేపమని వచ్చేవాళ్లు

మా ఊళ్లో కొత్త బండి కొంటే ముందు కొండకు పోతుంది. పూజ చేయించుకుని, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కి, పసుపు కుంకుమ బొట్లతో దిగుతుంది. ఒకప్పుడు అటునుంచి ఇంటికి పోయేది. ఇప్పుడు నేరుగా షెడ్డుకు వస్తుంది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు తీసి ఉండరు, ముందు కట్టిన పూలదండ వాడి ఉండదు, ఓనరు మాత్రం "లేపాలన్నా" అంటూ దిగుతాడు. ఎందుకు లేపాలి అంటే తల గోక్కుంటాడు. కాసేపు ఆలోచించి "లుక్కు" అంటాడు.

లుక్కు కోసం లేపించుకోవడం నేరమని నేను అనను. మీసం మెలేసేవాణ్ణి పట్టుకుని ఎందుకు మెలేస్తున్నావని అడుగుతామా? కానీ ఆ లుక్కుకు బదులుగా ఏమిస్తున్నాడో అతనికి తెలియాలి. ఎత్తు పెరిగితే ఘాట్ రోడ్డు మలుపులో బండి ఎక్కువ ఒరుగుతుంది. లైట్లు రోడ్డును వదిలి ఎదుటివాడి కళ్లలో కొడతాయి. కంపెనీ ఇచ్చిన ఎత్తు మారిస్తే ఆర్టీవో దగ్గర చిక్కు రావచ్చు. ఇవన్నీ ముందే చెప్పడం మన పనిలో సగం. చెప్పాక కూడా కావాలంటే చేసి పెట్టండి. చెప్పకుండా చేసి పెట్టేవాణ్ణి నేను మెకానిక్కని ఒప్పుకోను.

గోవిందస్వామి మేస్త్రి

నాకు పని నేర్పింది గోవిందస్వామి మేస్త్రి. చిత్తూరు మనిషి. మాటలో సగం అరవం కలిసేది, తిట్లో మొత్తం అరవమే. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. బండి ఎత్తు కొలవాలంటే ఖాళీ బండి దగ్గర టేపు తీయనిచ్చేవాడు కాదు.

చంద్రగిరి నుంచి ఒకాయన వచ్చి, అత్తగారి ఊరి దారిలో బండి వెనక భాగం నేలకు తగులుతోందనీ లేపమనీ అడిగాడు. "బండిలో ఎవురెవురు ఎక్కుతారు?" అన్నాడు మేస్త్రి. "అందరమూ" అన్నాడాయన. "అయితే అందర్నీ పిలుచుకోని రా. మొదులు బండి నింపు, టేపు సంగతి ఆమీద సూస్తాం."

మర్నాడు నిజంగానే అందరూ దిగారు. భార్య, పిల్లలు, బావమరిది, వాళ్ల అవ్వ. ఎక్కడికో తీసుకుపోతున్నారనుకుని అవ్వ పులిహోర కూడా కట్టుకొచ్చింది. అందర్నీ ఎక్కించి మేస్త్రి కొలిచాడు. ముందు భాగం ఉన్నచోటే ఉంది. వెనక స్ప్రింగులు పూర్తిగా కుంగి రబ్బరు దిమ్మల మీద కూర్చున్నాయి. ఆ బండికి కావలసింది ఎత్తు కాదు, బరువు మోసే వెనక స్ప్రింగులు. పని తేలిపోయింది గానీ అవ్వ దిగనంది. "ఎక్కించినాక దించేదేందప్పా, పోనీ" అని కూర్చుంది. చివరికి మేస్త్రి తనే స్టీరింగు పట్టుకుని వాళ్లను చంద్రగిరి కోట దాకా తిప్పుకొచ్చాడు. పులిహోర మాకూ పెట్టారు.

ఆయన ముక్కోపి. పొద్దున టీ ఆలస్యమైతే మధ్యాహ్నం దాకా రెంచీలు ఎగిరేవి. అయినా బండి కొలిచేటప్పుడు మనిషిని కూడా కలిపి కొలవాలన్నది ఆయన దగ్గర తప్ప నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఒకే కిట్టు, మూడు ఎత్తులు

షోరూములో నా పైనున్న మేనేజరు మంచివాడే. కాకపోతే చొక్కా ఇస్త్రీ నలుగుతుందని ఏనాడూ బండి కిందికి వంగి చూసినవాడు కాదు. ఒకసారి ఆయన గేటు దగ్గర బోర్డు పెట్టించాడు. ఏ వేరియంట్‌కైనా రెండంగుళాల లిఫ్ట్ అని.

అలా లిఫ్ట్ కిట్టు, అంటే పొడుగు స్ప్రింగుల సెట్టు, బిగించుకున్న ముగ్గురు ఒకేరోజు సర్వీసుకు వచ్చి బండ్లు పక్కపక్కనే నిలబెట్టారు. మోడలు ఒకటే, వేరియంట్లు వేరు. బేస్ వేరియంట్ పెట్రోలుది, పైన గుడ్డ టాపు. అది కోడిపుంజులా మెడ ఎత్తుకుని నిలబడింది. మధ్య వేరియంట్ చెప్పినంత లేచింది. టాప్ వేరియంట్ డీజిల్‌ది, ఇనుప టాపు, లోపల సకల సౌకర్యాలు. అది లేచిందో లేదో కళ్లజోడు పెట్టుకుని చూడాలి. దాని ఓనరు బండి చుట్టూ తిరిగి వచ్చాడు. "అందరి కంటే పెద్ద బండి కొనింది నేను, అందరి కంటే పొట్టిగా ఉండేది నా బండి. ఇదేం న్యాయం సార్?" అన్నాడు. మేనేజరు నా వైపు చూశాడు.

నులకమంచం మీద సన్నటి మనిషి కూర్చుంటే ఒకలా కుంగుతుంది, లావాటి మనిషి కూర్చుంటే ఇంకోలా కుంగుతుంది. స్ప్రింగూ అంతే. డీజిల్ ఇంజనుకు బరువు, ఇనుప టాపుకు బరువు. అందుకే కంపెనీవాళ్లు బరువైన వేరియంట్‌కు ముందే గట్టి స్ప్రింగులు ఇస్తారు. ఆ గట్టివి పీకేసి అన్నిటికీ ఒకటే రకం కిట్టు వేస్తే తేలికది ఎక్కువ లేస్తుంది, బరువైనది తక్కువ లేస్తుంది. కిట్టు డబ్బా మీద రాసిన అంగుళాలు ఏదో ఒక వేరియంట్‌కే నిజం. అది ఏ వేరియంటో డబ్బా మీద రాయరు, మనమే కనుక్కోవాలి. కొలతను నేల నుంచి తీయకండి. టైరు మారినా గాలి తగ్గినా ఆ లెక్క తప్పుతుంది. చక్రం నడిబొడ్డు నుంచి పైనున్న రేకు అంచు దాకా కొలవండి. అదీ కిట్టు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి.

ఇదంతా మేనేజరుకు చెప్పాను. ఆయన మొదటిసారి బండి కిందికి వంగి చూశాడు. జేబులో పెన్ను నూనె ట్రేలో పడింది. మర్నాడు బోర్డు మారింది, మీ వేరియంట్ చెప్పండి, ఎత్తు మేం చెబుతాం అని. తప్పు తెలిశాక బోర్డు మార్చే మేనేజర్లను నేను ఎక్కువమందిని చూడలేదు. ఆ రోజు నుంచీ ఆయనంటే నాకు గౌరవం.

బంగారుపాళ్యం తల్లీకొడుకులు

ఇక అసలు సంగతి. ఇది నా సొంత షెడ్డులో, పని మానేయడానికి కొంచెం ముందు జరిగింది.

లోకనాథం అనే అతను వచ్చాడు. చిత్తూరులో ఎరువుల అంగడి. బంగారుపాళ్యం పక్కన తోతాపురి మామిడితోట. తోటంతా వాళ్లమ్మ మునెమ్మ చేతిమీద నడుస్తుంది. అక్కడ సగం చెట్లకు అంటు కట్టింది కూడా ఆమేనట. ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది. రాళ్లలో నడవద్దని డాక్టరు చెప్పాడు. ఇంటికీ తోటకూ మధ్య ఒక ఇసుక వాగు, దాన్నే వంక అంటారు, ఆ తర్వాత గతుకుల బాట. బండి పోతేనే ఆమె తోటకు పోగలదు. బండేమో వంక దాటాక కింద తగులుతోంది. అందుకని హైవే పక్కన ఎక్కడో లిఫ్ట్ కిట్టు వేయించాడు.

"నన్ను మోసం చేసినారన్నా" అన్నాడు దిగీ దిగకముందే. "మా చిన్నాయన కొడుక్కు ఇదే కిట్టు ఏసినారు. వాడి బండి మూడంగుళాలు లేసింది. నాది సూడు, అందులో సగం గూడా లేదు. ఇంగా కింద తగల్తానే ఉండాది."

"వాడిది ఏ వేరియంటు?"

"బేసుది. గుడ్డ టాపు."

"నీది?"

"టాప్ ఎండు. డీజిలు" అన్నాడు, కోపంలో కూడా కాస్త గర్వంగానే.

"అయితే మోసమేం లేదప్పా. బరువు నువ్వే కొన్నావు" అని షోరూములో మూడు బండ్ల కథ చెప్పాను. విన్నాడు గానీ మనసు మారలేదు. స్ప్రింగుల మీద స్పేసర్లు, అంటే ఎత్తు పెంచే దిమ్మలు, పెట్టి ఇంకో రెండంగుళాలు లేపమన్నాడు. అంతలో ఫోను మోగి, మాట్లాడుతూ గేటు బయటికి వెళ్లాడు.

అప్పుడు అటువైపు తలుపు తెరుచుకుంది. ముందు ఒక ఎర్రటి ప్లాస్టిక్ స్టూలు కిందికి దిగింది. దాని కాలికి తాడు కట్టి ఉంది. తాడుతో అటూ ఇటూ జరిపి, స్టూలు సరిగ్గా ఆనిందనుకున్నాక మునెమ్మ వెనక్కి తిరిగి, సీటు పట్టుకుని, ఒక్కో కాలే కిందికి దించింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లాను.

"పట్టుకోవద్దబ్బా. పడితే ఇద్దరం పడతాం" అంది.

"ఈ స్టూలు ఎప్పటి నుంచక్కా?"

"బండి లేపినప్పుటి నుంచి. అంతకు ముందర సీటు నా నడుము కాడికి వచ్చేది, జారగిలబడి కూసునేదాన్ని. ఇప్పుడు సూడు, యాడికొచ్చిందో. వాడు సూడకముందే స్టూలేసుకోని ఎక్కి, తాడు పట్టి దాన్ని పైకి లాక్కుంటా. మళ్లా దిగేదానికి కావల్ల గదా. తోటలో కూసునేదానికి తెస్తాననుకుంటాడు వాడు."

"మీవాడికి చెప్పలేదా?"

ఆమె గేటు వైపు చూసింది. "ఎట్లా సెప్పేది? నా కోసరమే లేపించినాడు. ఇంగ దినమూ తోటకు పోవచ్చు మా అని ఎంత సంబరపడినాడో. ఈడ సిమెంటు నేల కాబట్టి స్టూలు నిలిసింది. తోటలో అంతా ఎత్తుపల్లం. ఒకతూరి స్టూలు ఒరిగింది, తలుపు పట్టుకోని యాలాడినా. అప్పుటి నుంచి బయం పట్టుకునింది. ఎండంటా, ఒళ్లు బాగలేదంటా, ఇంట్లోనే ఉంటా ఉండా. వాడేమో అమ్మకు తోట మింద మనసు పోయిందనుకోని గుత్తకు మాట్లాడినాడు. యాపారి పిందె సూసేదానికి వస్తాడంట."

"గుత్తకిస్తే ఏమవుతుంది?"

"మందు వాళ్లది, కోత వాళ్లది. నేను కంచె బయట నిలబడి సూడాల." ఆమె పైటకొంగుతో ముక్కు తుడుచుకుని స్టూలు చేతిలోకి తీసుకుంది. "వాడికి మాత్రం సెప్పొద్దు నాయనా."

నాకు ఎప్పుడూ నోరు ఆగదు. ఆ రోజు ఆపుకున్నాను. నేరుగా బండి కిందికి దూరాను. అక్కడైతే నా ముఖం ఎవరికీ కనిపించదు కదా.

పంచె ఎగ్గట్టినా చెప్పులు తడవక మానవు

కింద చూశాక నాకు నవ్వొచ్చింది. చాసిస్ మీద ఒక్క గీత లేదు. ఇంజను కింది రేకు మీదా లేదు. గీతలన్నీ ఒక్కచోటే ఉన్నాయి, వెనక ఇరుసు మధ్యలో వేలాడే గుండ్రటి డిఫరెన్షియల్ పెట్టె మీద.

కొత్తవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆ బండికి వెనక ఉన్నది రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు. ఇలాంటి బండికి లిఫ్ట్ కిట్టు వేస్తే లేచేది ఇరుసు పైనున్న బండి. ఇరుసు లేవదు. అది చక్రాలకే అంటిపెట్టుకుని ఉంటుంది, టైరు ఎంత ఎత్తో అది అంత ఎత్తులోనే ఉంటుంది. నీళ్లలో నడుస్తూ పంచె ఎంత పైకి ఎగ్గట్టినా చెప్పులు తడవక మానవు. బేస్ వేరియంట్ అయినా టాప్ అయినా, రెండంగుళాలైనా ఆరైనా, ఆ పెట్టె నేల నుంచి ఎప్పటి ఎత్తులోనే ఉంటుంది.

లోకనాథం ఫోను ముగించి వచ్చాక అతన్ని కిందికి వంగమని వేలితో చూపించాను. చాలాసేపు చూశాడు.

"అంటే నేను లేపించింది దండగేనా అన్నా?"

"బండికి దండగే. ముందు నీ బాట చూడాలి, పద."

మునెమ్మను ఇంటి దగ్గర దించి ఇద్దరం తోటకు వెళ్లాం. వంకలో బండి హాయిగానే పోయింది. అక్కడ ఉన్నది ఇసుకే. దాటాక ఉన్న బాటలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి చక్రాల జాడలు లోతుగా దిగిపోయాయి. మధ్యలో మట్టి గట్టిపడి దిబ్బలా మిగిలింది. మన చక్రాలు పల్లంలోకి దిగితే ఇరుసు పెట్టె ఆ దిబ్బకు కొట్టుకుంటుంది. ట్రాక్టరుకు ఆ బాధ లేదు కాబట్టి ఆ దిబ్బను ఎవరూ పట్టించుకోలేదు.

"బండిని లేపొద్దు లోకనాథం. దిబ్బను దించు" అన్నాను. "ఆ మట్టి చెక్కి ఈ పల్లాల్లో పోయించు, పైన గులకరాళ్లు వేయించు. పాత స్ప్రింగులు ఉన్నాయా?"

"గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టినా."

"అవి పట్టుకురా. నీ టాప్ ఎండు బరువుకు కంపెనీ లెక్కగట్టి ఇచ్చినవి అవే."

దించమని చెప్పడానికి ఇంత గట్టి కారణం చేతికి దొరికింది. మునెమ్మ మాట దాటే పని పడలేదు. స్పేసర్లు పెట్టి పంపి ఉంటే ఆమె ఆ సీటు మొహం మళ్లీ చూసేది కాదు.

పాత స్ప్రింగులు బిగించాను. తలుపు కింద ఒక మెట్టు వేశాను. గతుకుల బాటకు అడ్డం రాకుండా, పాదం మొత్తం ఆనేలా వెడల్పుగా. లోపల పట్టుకోవడానికి ఒక పిడి బిగించాను. మెట్టు ఎందుకని లోకనాథం అడిగాడు. "బాగుంటుంది" అన్నాను. "లుక్కు" అని కూడా అన్నాను.

గుత్త మాట

బాట బాగైందని ఫోను వచ్చాక, బండి తగులుతుందో లేదో చూద్దామని నేనూ వెళ్లాను. వ్యాపారి పిందె చూడడానికి వస్తానన్న రోజు కూడా అదే. లోకనాథం స్టీరింగు పట్టాడు. నేను వెనక కూర్చున్నాను. మునెమ్మ అలవాటు కొద్దీ స్టూలు తెచ్చింది. "లోపల పెట్టండక్కా, కావాలంటే తీసుకుందాం" అని నేను అందుకుని పక్కన పెట్టుకున్నాను. ఆమె మెట్టు మీద పాదం పెట్టి, పిడి పట్టుకుని ఎక్కి కూర్చుంది. కొడుకు అప్పుడు అద్దం తుడుస్తున్నాడు, చూడలేదు.

వంక దాటాం. దిబ్బ ఉండే చోట లోకనాథం వేగం తగ్గించాడు. ఏ చప్పుడూ రాలేదు.

"తగల్లేదన్నా" అన్నాడు లోకనాథం నెమ్మదిగా.

తోటలో వ్యాపారి తన మోటారు సైకిలుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. లోకనాథం దిగి అతని దగ్గరికి వెళ్లాడు. ఇద్దరూ మాటల్లో పడేలోపే ఇటువైపు తలుపు తెరుచుకుంది. మునెమ్మ ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి దిగింది. ఎవరూ పట్టుకోలేదు. చీర కుచ్చెళ్లు దులుపుకుని, దగ్గర్లోని చెట్టు దాకా నడిచి, కొమ్మ వంచి ఆకు తిప్పి చూసింది.

"లోకా, తేనెమంచు పట్టింది రా. ఆకంతా జిగట. ఇన్ని దినాలు సూసినోడు లేడా ఈడ?"

వ్యాపారి నవ్వు ముఖంతో ముందుకొచ్చాడు. "మీరెందుకు లేమ్మా శ్రమ పడేది. మందూ మాకూ అంతా ఇంగ మేం సూసుకుంటాం గదా."

"నా చెట్లకు నేను కొట్టుకుంటాలే నాయనా. గుత్త మాటైతే లేదు. కోతకొచ్చినాక రా, కాయ సూసి రేటు మాట్లాడదాం" అని ఆమె ఇంకో కొమ్మ వంచింది.

అతను లోకనాథం వైపు చూశాడు. లోకనాథం తల్లి వైపు చూస్తున్నాడు. ఆమె దిగిన మెట్టునూ, నేల మీద ఆమె అడుగులనూ చూశాడు. తర్వాత బండి దగ్గరికి వచ్చి వెనక సీట్లో ఉన్న స్టూలు బయటికి తీశాడు. దాని కాలికున్న తాడును వేళ్లతో కొస దాకా తడిమి చూశాడు. నేను బండి దిగి, టైరులో గాలి చూసే వంకతో కిందికి వంగాను.

"ఎత్తుగా ఉండాదని ఒక్క మాట సెప్పింటే సాలు గదమ్మా" అన్నాడు.

మునెమ్మ ఇటు తిరగలేదు. "అంత ఆశగా లేపితివి గదరా నాయనా" అంది, ఆకు వెనక వేలితో రుద్దుతూ. "సరే గాని, మందు కొట్టే మిషను యాడ పెట్టినావు?"

లోకనాథం స్టూలు చంకలో పెట్టుకుని, మోచేత్తో కళ్లు తుడుచుకుని, మందూ మిషనూ పంపమని తన అంగడికి ఫోను చేశాడు.